ఊడిగము చాలించిన గుఱ్ఱము

గుఱ్ఱమును కొనవచ్చినవాడు మొదట దాని నోరు తెఱచి చూచును. యజమాని ఎంత నేర్పరియైనను పండ్లు వయస్సును దాచనీయవు. ముందుపండ్ల పై వరుసలో చివరిదానిమీద పదేండ్ల ప్రాయమున నొక సన్నని గాడి పుట్టి, ఏటేట క్రిందికి దిగుచు, ఇరువదియేండ్లకు పంటి కొనను ముట్టును. పిమ్మట పైనుండి మాసిపోవ నారంభించును. ఇది ఉజ్జాయింపు లెక్కయే గాని తూచినట్లు సరిపోవునది కాదు. బేరగాని పరీక్ష అంతటితో ముగియును. ముసలిగుఱ్ఱమును పోషింపదలచినవానికి పని అక్కడనే మొదలగును.

మనుష్యుల పండ్లవలె గాక గుఱ్ఱపు పండ్లు అరిగినకొలది చిగుళ్ళనుండి పైకి వచ్చుచుండును. ఆ నిలువ తఱిగినపుడు దవడపండ్లు వదులై ఊడిపోవును. పైదవడ క్రిందిదానికంటె వెడల్పైనది గనుక పండ్ల అంచులు పదునెక్కి బుగ్గలను, నాలుకను కోయును. అట్టి గుఱ్ఱము ఎండుగడ్డిని నమలి నమలి, మ్రింగలేక, ఉండలుగా నేల రాల్చును. తొట్టినిండ మేత యుండియు చిక్కిపోవును. చూచువారు ముసలితనమని సరిపెట్టుకొందురు. తఱచుగా అది ఆకలి.

కావున ఏటికొకసారియైన పశువైద్యునిచే ఆ అంచులను ఆకురాయితో అరగదీయింపవలెను. గడ్డి సన్నముగా తఱిగి, దాణా నానబెట్టి, ఉలవలైనచో ఉడికించి మెదిపి, కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టవలెను. పడుచు గుఱ్ఱములు దీనిని తొట్టిదఱి చేరనీయవు గనుక వేఱుగా పెట్టవలెను. పని మానినను గిట్టలు పెరుగుట మానవు. ఆఱేడు వారముల కొకసారి చెక్కింపవలెను. దినమెల్ల కట్టివేయక మెల్లగా నడువనిచ్చిన కీళ్ళు బిగియవు.

ఇంత చేసినను తిరిగివచ్చు పైకమేమియు లేదు. మఱి ఈ వ్యయమెవరిది? కౌటిల్యుడు అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని విధులు చెప్పుచు దీనికి సమాధానమిచ్చెను. యుద్ధముచేతను, వ్యాధిచేతను, ముదిమిచేతను, పనిచేతను క్షీణించిన గుఱ్ఱములకు ప్రాణము నిలుచుటకు చాలినంత మేత పెట్టవలె ననెను. కౌటిల్యుడు దయాళువని పేరుపడినవాడు కాడు, కాసువీసములు లెక్కించువాడు. అట్టివాడు ఈ పద్దు వ్రాసియుంచుట గమనింపదగినది.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప బ్రిటిష్ సైన్యము వేఱొక లెక్క వేసికొనెను. ఈజిప్టు, పాలస్తీనా రంగమున (హైదరాబాదు లాన్సర్లును పాల్గొన్న రంగమది) మిగిలిన గుఱ్ఱములను వేలకొలదిగా ఈజిప్టుననే అమ్మివేసెను. 1930లో కైరో చేరిన డొరొథీ బ్రూక్ అను సేనాధికారి భార్య, ఆ గుఱ్ఱములు ముదిమిలోను బరువులు లాగుచు ఎముకలగూళ్ళై యుండుట చూచెను. 1931లో ఆమె లండనులోని ‘మార్నింగ్ పోస్టు’ పత్రికకు వ్రాసిన లేఖ చదివి ప్రజలు ధనము పంపిరి. కొలదియేండ్లలో ఇంచుమించు అయిదువేల గుఱ్ఱములను ఆమె తిరిగి కొనెను. యజమానులలో పెక్కండ్రు నిఱుపేదలు. వారిని నిందించి గుఱ్ఱమును లాగికొనిన పూట గడువదు. అందుచే వెలయిచ్చియే విడిపించెను. 1934లో ఆమె కైరోలో స్థాపించిన ఉచిత పశువైద్యశాల నుండి పుట్టిన సంస్థ నేడు పలుదేశములలో పనిచేయుచున్నది.

కాని కొన్న గుఱ్ఱములలో పెక్కింటికి పోషణకాలము మించిపోయియుండెను. వానికి మెత్తని గడ్డిపఱుపు, చాలినంత నీరు, నమలగల మేత కొన్నిదినములు అమర్చి, పిమ్మట బాధ తెలియకుండ ప్రాణము తీయించెను.