దేశానికి ఇద్దరు చాలు: హాప్‌మన్ కప్ వింతలు

డేవిస్ కప్ మగవాళ్ళది. ఒకప్పటి ఫెడ్ కప్, నేటి బిల్లీ జీన్ కింగ్ కప్ ఆడవాళ్ళది. ఆడా మగా ఒక్క జట్టుగా దేశం పేరు మీద ఆడే కప్పు కూడా ఉండాలని ఆస్ట్రేలియా ఆటగాళ్ళు పాల్ మెక్‌నామీ, చార్లీ ఫాన్‌కట్ తలచారు. 1988 డిసెంబరు చివరి వారంలో, ఆస్ట్రేలియా పడమటి కొసనున్న పెర్త్ నగరంలో వాళ్ళు మొదలుపెట్టిన పోటీయే హాప్‌మన్ కప్.

లెక్క చాలా సులువు. దేశానికి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఆమె ఒక సింగిల్స్, అతను ఒక సింగిల్స్, ఆఖర్న ఇద్దరూ కలిసి మిక్స్‌డ్ డబుల్స్. మూడింట్లో రెండు నెగ్గిన దేశానిదే గెలుపు. ర్యాంకింగ్ పాయింట్లు మాత్రం ఒక్కటీ రావు. ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు ముందు ఒళ్ళు సవరించుకునే ఆట అని పెదవి విరిచినవాళ్ళు లేకపోలేదు. అయినా ఈ కప్పు రికార్డుల పుస్తకం తిరగేస్తే పెద్ద పెద్ద టోర్నీల్లో కనబడని వింతలు ఇక్కడే ఎక్కువ. ఇద్దరే ఆడాలి కాబట్టి దేశం ఎంత పెద్దదన్న ప్రశ్నే రాదు. ఎవరైనా పొరబాటున చెయ్యి విరగ్గొట్టుకుంటే సర్దుకోవడానికి మూడో మనిషీ ఉండడు.

అమెరికాతో సరిసమానం ఎవరు?

అత్యధిక కప్పులు అమెరికావి: 1997, 2003, 2004, 2006, 2008, 2011, మొత్తం ఆరు. తర్వాత స్పెయిన్, స్విట్జర్లాండ్ చెరి నాలుగు. అర కోటి పైచిలుకు జనాభా మాత్రమే ఉన్న స్లొవేకియా మూడు! 1998, 2005, 2009ల్లో కప్పు పట్టుకెళ్ళింది. డేవిస్ కప్ ఒక్కసారైనా గెలవని దేశమది. 2005లో డేవిస్ కప్ ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయింది.

ఇక్కడ చిన్న కూడిక చేసి చూడండి. 1989లో జరిగిన మొట్టమొదటి ఫైనల్లో గెలిచింది చెకోస్లొవేకియా. హెలెనా సుకోవా, మిలోస్లావ్ మెచీర్ ఆస్ట్రేలియాను ఓడించారు. ఆ దేశం రెండుగా విడిపోయాక చెక్ రిపబ్లిక్ 1994, 2012ల్లో గెలిచింది. స్లొవేకియా మూడుసార్లు. ఒకటి, రెండు, మూడు కలిపితే ఆరు. ఉమ్మడి కుటుంబం లెక్కలో చూస్తే అమెరికాతో సరిసమానమే.

ఆ తొలి ఫైనల్లో ఆస్ట్రేలియా తరఫున పాట్ క్యాష్ పక్కన ఆడినామె ఎవరో తెలుసా? హనా మాండ్లికోవా. పుట్టింది ప్రాగ్‌లో. చెకోస్లొవేకియా తరఫున ఏళ్ళ తరబడి ఆడి, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుని, ఆ తర్వాత ఈ ఫైనల్లో పుట్టిన గడ్డకు ఎదురుగా నిలబడింది. 1992లో స్విట్జర్లాండ్‌కు కప్పు తెచ్చిన మాన్యులా మలీవా పుట్టిందేమో బల్గేరియాలో.

మోనికా సెలెస్ కథ మరీ విచిత్రం. 1991లో గొరాన్ ప్రిపిచ్‌తో కలిసి యుగొస్లావియాకు కప్పు అందించింది. ఫైనల్లో ఓడింది అమెరికా. అదే ఏడాది యుగొస్లావియా ముక్కలు కావడం మొదలైంది. పదేళ్ళు గడిచాక, 2001లో, 2002లో సెలెస్ మళ్ళీ హాప్‌మన్ ఫైనల్ ఆడింది, ఈసారి అమెరికా తరఫున. రెండుసార్లూ ఓడింది. అలా గెలిచిన దేశం పటంలోంచి పోయింది, గెలవాలనుకున్న దేశానికి కప్పు రాలేదు.

కప్పుకు పేరిచ్చిన పెద్దాయన

హ్యారీ హాప్‌మన్ (1906-1985) ఆస్ట్రేలియా డేవిస్ కప్ జట్టుకు దశాబ్దాల పాటు కెప్టెన్. రాడ్ లేవర్, కెన్ రోజ్‌వాల్, రాయ్ ఎమర్సన్ వంటి వాళ్ళు ఆయన చేతి కింద రాటుదేలినవాళ్ళే. ఆయన హయాంలో ఆస్ట్రేలియా పదిహేనుసార్లకు తగ్గకుండా డేవిస్ కప్ గెలిచింది. అందులో ఒకటి మన మీదే. 1966లో మెల్‌బోర్న్‌లో భారత్ తొలిసారి ఫైనల్ ఆడి 4-1తో ఓడింది. ఆ ఒక్కటీ మనకు దక్కింది డబుల్స్‌లో. రామనాథన్ కృష్ణన్, జైదీప్ ముఖర్జీ కలిసి జాన్ న్యూకోంబ్, టోనీ రోచ్ జోడీని మట్టి కరిపించారు.

ఈ మగవాళ్ళ కెప్టెన్ పేరు ఆడామగా కలిసి ఆడే కప్పుకు ఎందుకు పెట్టారని తోస్తుంది. ఆయనా తక్కువ తినలేదు. భార్య నెల్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఛాంపియన్‌షిప్ మిక్స్‌డ్ డబుల్స్ నాలుగుసార్లు గెలిచారు: 1930, 1936, 1937, 1939. నెల్ పోయిన తర్వాత ఆయన రెండో పెళ్ళి చేసుకున్న లూసీ హాప్‌మన్ అమెరికాలో ఉండేవారు. వయసు మీద పడినా ఏటా కొత్త సంవత్సరానికి పెర్త్ వచ్చి వాలిపోయేవారు. 2018లో ఆమె కన్నుమూశారు. మరుసటి జనవరితో పెర్త్‌లో హాప్‌మన్ కప్పూ ఆగిపోయింది.

గోడ మీద కోపం, కప్పు మీద దెబ్బ

1996 ఫైనల్. క్రొయేషియా తరఫున ఇవా మయోలి, గొరాన్ ఇవానిసెవిచ్. స్విట్జర్లాండ్ తరఫున పదిహేనేళ్ళ మార్టినా హింగిస్, రెండు మీటర్ల పొడవున్న మార్క్ రోసే. రోసే అంటే ఆషామాషీ ఆటగాడు కాదు, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ సింగిల్స్ స్వర్ణ విజేత. సింగిల్స్ చెరొకటి పంచుకోవడంతో తేల్చే బాధ్యత మిక్స్‌డ్ డబుల్స్ మీద పడింది. అదీ మూడో సెట్టుకు వెళ్ళింది. చేతికందిన గెలుపు జారిపోతోందన్న ఉక్రోషంతో రోసే కోర్టు పక్కనున్న గోడను పిడికిలితో గుద్దాడు. గోడకేం కాలేదు. చెయ్యి విరిగింది. ఆట అక్కడికక్కడే ఆపేసి స్విస్ జట్టు తప్పుకోవాల్సి వచ్చింది, కప్పు క్రొయేషియాకు వెళ్ళింది.

రాకెట్లు విరగ్గొట్టినవాళ్ళు టెన్నిస్‌లో కోకొల్లలు. ఒక దేశం ఫైనల్‌ను గోడకు సమర్పించుకున్న ఘనత మాత్రం, నాకు తెలిసినంతలో, ఇదొక్కటే. పక్కన నిలబడ్డ ఆ పదిహేనేళ్ళ పిల్ల మొహం ఊహించుకోండి. హింగిస్ ఊరుకునే రకం కాదు లెండి. 2001లో మరో కొత్త కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చి కప్పు గెలిచింది. ఆ కుర్రాడి వయసు 19, పేరు రోజర్ ఫెడరర్.

ఒక కాఫీ ఇప్పించండి

2015 జనవరి. సెరెనా విలియమ్స్, ఇటలీకి చెందిన ఫ్లావియా పెన్నెటా ఆడుతున్నారు. మొదటి సెట్ 6-0. గెలిచింది సెరెనా అనుకుంటున్నారా? కాదు, పెన్నెటా. అమెరికా నుంచి వచ్చిన సెరెనాకు ఇంకా నిద్రమత్తు వదల్లేదు, కాళ్ళు కదలడం లేదు. ఆమె అంపైర్ దగ్గరికి వెళ్ళి కాఫీ తెప్పించుకోవచ్చా, అది నియమాలకు విరుద్ధం కాదు కదా అని కనుక్కుంది. కాసేపటికి బాల్ గర్ల్ చిన్న కప్పులో ఎస్ప్రెసో తెచ్చిచ్చింది. కుర్చీలో కూర్చుని చక్కగా తాగేసి లేచింది. ఆ తర్వాతి సెట్లు 6-3, 6-0. ఈసారి సున్నా పెన్నెటాకు వచ్చింది. ప్రపంచ నంబర్ వన్‌ను కాఫీ కాపాడిందని మర్నాడు పత్రికలన్నీ రాశాయి. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడనిదే మంచం దిగని మనవాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

ఆ ఏడాది ఫైనల్లో మాత్రం అమెరికాకు ఏ కాఫీ పనిచేయలేదు. పోలండ్ జోడీ రద్వాన్స్కా, యానోవిచ్ కప్పు ఎగరేసుకుపోయారు.

అన్నా చెల్లెలు, అక్కా తమ్ముడు, కాబోయే ఆలుమగలు

తోడబుట్టినవాళ్ళు జట్టుగా వచ్చి ఫైనల్ చేరిన సందర్భాల్లో మూడు చెప్పుకోదగ్గవి. 1990లో స్పెయిన్ అన్నాచెల్లెళ్ళు ఎమిలియో శాంచెజ్, అరాంచా శాంచెజ్ గెలిచారు. ఓడింది పామ్ ష్రైవర్, జాన్ మెకన్రో. నోటి దురుసుతో మెకన్రో ఆస్ట్రేలియన్ ఓపెన్ నుంచి గెంటించుకున్నది ఆ నెలలోనే. 1995లో ఉక్రెయిన్ అక్కాతమ్ముళ్ళు నతాలియా, ఆంద్రే మెద్వెదేవ్‌లు బోరిస్ బెకర్, ఆంకే హూబర్ ఉన్న జర్మనీ చేతిలో ఓడారు. 2009లో రష్యా అన్నాచెల్లెళ్ళు మరాత్ సాఫిన్, దినారా సాఫినాలను స్లొవేకియా ఆపింది. అదే ఏడాది దినారా ప్రపంచ నంబర్ వన్ అయింది. అన్న అంతకు ముందే ఆ మెట్టు ఎక్కి దిగాడు.

ఇక ఫెడరర్. 2002లో అతని పక్కన ఆడింది హింగిస్ కాదు, మిర్కా వావ్రినెక్. ఆ జోడీకి కప్పు రాలేదు. 2009లో పెళ్ళి మాత్రం అయింది.

అరువొచ్చిన వాళ్ళ ఏడాది

2011 ఫైనల్‌కు అర్హత సంపాదించింది సెర్బియా. అనా ఇవానొవిచ్‌కు పొట్ట కండరాల నొప్పి పట్టుకోవడంతో ఆ చోటు బెల్జియానికి దక్కింది. అవతలి వైపు అమెరికాదీ అదే తీరు. గాయపడ్డ సెరెనా బదులు వచ్చిన బెథనీ మాటెక్-సాండ్స్, జాన్ ఇస్నర్‌తో కలిసి కప్పు గెలిచేసింది. 2014లో పోలండ్ తరఫున యానోవిచ్ స్థానంలో దిగిన గ్జెగొష్ పాన్‌ఫిల్ ర్యాంకు ఎక్కడో మూడు వందల దరిదాపుల్లో ఉండేది. అతనే కెనడా స్టార్ మిలోస్ రావోనిచ్‌ను ఓడించి జట్టును ఫైనల్ దాకా లాక్కొచ్చాడు.

పసివాళ్ళ ఘనతలు కొన్ని. 1999లో సొంతగడ్డపై ఆస్ట్రేలియాకు తొలి కప్పు తెచ్చిన యెలెనా డోకిచ్‌కు అప్పటికి పదహారు నిండలేదు. 2010 ఫైనల్లో బ్రిటన్ అమ్మాయి లారా రాబ్సన్‌దీ అదే వయసు. ఆమె తన సింగిల్స్ గెలిచింది. ఆండీ ముర్రే తన సింగిల్స్ ఓడాడు. కప్పు స్పెయిన్‌కు పోయింది.

హైదరాబాద్ అమ్మాయి

ఆసియా హాప్‌మన్ కప్ గెలిచి, ఆ అర్హతతో 2007లో పెర్త్ వెళ్ళింది భారత జోడీ సానియా మీర్జా, రోహన్ బోపన్న. సానియాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. ఫైనల్ చేరలేదు గానీ పెద్ద దేశాల సరసన ఆడింది మన జట్టు. 2008 పెర్త్ యాత్ర మాత్రం ఆట వల్ల కాక ఒక ఫొటో వల్ల గుర్తుండిపోయింది. కాళ్ళు చాచుకుని కూర్చున్న సానియా, ముందు జాతీయ జెండా కనబడేలా ఎవరో తీసిన బొమ్మ అది. దాని మీద దేశంలో రచ్చ రేగి వ్యవహారం కోర్టు దాకా వెళ్ళింది. జెండాను అవమానించే ఉద్దేశమే తనకు లేదని ఆమె చెప్పుకోవాల్సి వచ్చింది. కెమెరా కోణం ఒక క్రీడాకారిణి దేశభక్తిని కొలిచే కొలబద్ద కావడం నాకైతే అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు.

ఈ జంట బంధం చాలా దూరం నడిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇద్దరూ కలిసి నాలుగో స్థానం దగ్గర ఆగారు. 2023లో సానియా తన చివరి గ్రాండ్‌స్లామ్‌లో, ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ ఆడినప్పుడూ పక్కన ఉన్నది బోపన్నే.

గాలి కప్పు కింద, వజ్రాల బంతి

2012 దాకా ఈ పోటీలు జరిగిన బర్స్‌వుడ్ డోమ్ పైకప్పుకు స్తంభాలు లేవు. లోపలి గాలి ఒత్తిడే దాన్ని నిలబెట్టేది. బయట జనవరి ఎండ మాడ్చేస్తున్నా లోపల ఆట సాగిపోయేది. డిసెంబరు 31 రాత్రి ఆటగాళ్ళంతా సూట్లు, గౌన్లు వేసుకుని విందుకు హాజరవడం ఇక్కడి ఆనవాయితీ. గెలిచినవాళ్ళకు కప్పుతో పాటు వజ్రాలు పొదిగిన టెన్నిస్ బంతి చెరొకటి ఇచ్చేవాళ్ళు. ఆ బంతులు మూడు పోగేసుకున్న మొదటి మనిషి ఫెడరర్: 2001, 2018, 2019.

ఆ 2019 పోటీల్లో కొత్త సంవత్సరం రోజు గురించి చెప్పకపోతే ఈ జాబితా చప్పగా ఉంటుంది. జనవరి 1, పెర్త్ అరీనా, 14,064 మంది ప్రేక్షకులు. ఇరవై గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ళ ఫెడరర్ ఒక పక్క, ఇరవైమూడు టైటిళ్ళ సెరెనా ఒక పక్క. ఇద్దరికీ అప్పటికి 37 ఏళ్ళు. జీవితంలో ఒక్కసారీ ఎదురుపడలేదు, ఆ తర్వాతా పడలేదు. సెరెనాకు జోడీ ఫ్రాన్సిస్ టియాఫో, ఫెడరర్‌కు బెలిండా బెన్సిచ్. సెరెనా సర్వీస్ ఎటు వస్తుందో పట్టుకోలేకపోయానని ఫెడరర్ తర్వాత ఒప్పుకున్నాడు. స్విస్ జోడీ 4-2, 4-3తో గెలిచింది. ఆట అయ్యాక మామూలు అభిమానుల్లా ఇద్దరూ సెల్ఫీ తీసుకున్నారు.

నాలుగు గేములకే సెట్ ఏమిటంటారా? 2017 నుంచి మిక్స్‌డ్‌ను పొట్టి పద్ధతిలో ఆడించారు. 3-3 వస్తే అయిదు పాయింట్ల టైబ్రేక్. అందులోనూ 4-4 వస్తే ఒక్క పాయింటుతో తేల్చేయడమే. 2019 ఫైనల్లో, వరుసగా రెండో ఏడాదీ జర్మనీయే ప్రత్యర్థి. సింగిల్స్‌లో జ్వెరెవ్‌ను ఫెడరర్, బెన్సిచ్‌ను కెర్బర్ ఓడించారు. మిక్స్‌డ్ 4-0, 1-4, 3-3. టైబ్రేక్ 4-4. అంటే తర్వాతి పాయింటు రెండు దేశాలకూ ఛాంపియన్‌షిప్ పాయింటే! అది స్విట్జర్లాండ్‌కు పడింది. వారం రోజుల పోటీ ఒక్క బంతి మీద తేలింది.

మరుసటి ఏడాది హాప్‌మన్ కప్ స్థానంలో మగవాళ్ళ ఏటీపీ కప్ పెట్టారు. అది మూడేళ్ళకే మూతపడింది. 2022 డిసెంబరు చివర్లో 18 దేశాలతో, కోటిన్నర డాలర్ల బహుమతి డబ్బుతో యునైటెడ్ కప్ వచ్చింది. ఇందులో ర్యాంకింగ్ పాయింట్లు కూడా ఇస్తారు. మొదటి ఏడాది పోరుకు అయిదు మ్యాచ్‌లు పెట్టి, రెండో ఏడాదికల్లా మూడుకు తగ్గించారు: ఒక ఆడ సింగిల్స్, ఒక మగ సింగిల్స్, ఒక మిక్స్‌డ్. మెక్‌నామీ, ఫాన్‌కట్ 1988లో గీసిన గీత మీదకే వచ్చారన్నమాట. 2024 ఫైనల్లో జ్వెరెవ్ రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు కాచుకుని హుర్కాచ్‌ను ఓడించి, ఆ వెంటనే లారా సీగెమండ్‌తో కలిసి మిక్స్‌డ్ గెలిచి జర్మనీకి కప్పు తెచ్చాడు. హాప్‌మన్ ఫైనల్స్‌లో రెండుసార్లు తిన్న దెబ్బకు ఇది వడ్డీతో వసూలు.

అసలు హాప్‌మన్ కప్ కూడా చచ్చిపోలేదు, ఊరు మారింది. 2023 జులైలో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఎర్రమట్టి కోర్టు మీద జరిగితే డోనా వెకిచ్, బోర్నా చోరిచ్ గెలిచారు. క్రొయేషియాకు ఇది రెండో కప్పు. ఫైనల్లో ఓడింది మళ్ళీ స్విట్జర్లాండే. ఈసారి గోడ జోలికి ఎవరూ వెళ్ళలేదు. 2025లో ఇటలీలోని బారిలో కెనడా గెలిచింది.