కెమెరా మీద ఫ్లాష్ ఊగుతోందా? నాలుగు స్క్రూల వెనక ఉన్న సైన్స్

పెళ్లి మండపంలో ముహూర్తం సమయం. వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర, బెల్లం ఉంచుతున్నారు. ఫొటోగ్రాఫర్ కెమెరాను నిలువుగా తిప్పి మీట నొక్కాడు. ఫ్లాష్ వెలగలేదు. దాన్ని ఎడమ చేత్తో అదిమిపట్టి మళ్లీ నొక్కితే వెలిగింది. కానీ అప్పటికి ఆ ఘట్టం దాటిపోయింది. మళ్లీ తీద్దామంటే ముహూర్తం వెనక్కి రాదు.

ఒకటే కెమెరాతో పెళ్లిళ్ల సీజన్ మొత్తం నెట్టుకొచ్చే ఫొటోగ్రాఫర్లలో చాలామందికి ఈ ఇబ్బంది కొత్త కాదు. ఫ్లాష్ పాడైందని కొందరు కొత్తది కొంటారు. కెమెరాకే కాలం చెల్లిందనుకుని కొందరు మార్చేస్తారు. నిజానికి చాలాసార్లు లోపం ఈ రెండింటిలోనూ ఉండదు. రెండింటినీ కలిపే చిన్న లోహపు గాడి వదులవడమే కారణం. దీన్నే హాట్ షూ అంటారు.

తేలిక వస్తువు కోసం పుట్టిన గాడి

కెమెరా నెత్తిన గాడి పెట్టడం ఫ్లాష్ కోసం మొదలైన పద్ధతి కాదు. 1925లో మార్కెట్లోకి వచ్చిన లైకా కెమెరాకు ఇలాంటి గాడి ఉండేది. దూరాన్ని కొలిచే చిన్న పరికరాన్ని అందులో తగిలించేవారు. ఆ గాడికి విద్యుత్తుతో పని లేదు. తర్వాతి కాలంలో దాని మధ్యలో విద్యుత్ కొన చేరింది. దాంతో అది 'హాట్' షూ అయింది. ఇప్పుడు దీని కొలతలకు ఐఎస్ఓ 518 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. గాడి లోపలి వెడల్పు సుమారు 18.6 మిల్లీమీటర్లు. ఒక కంపెనీ ఫ్లాష్ మరో కంపెనీ కెమెరాలో పట్టడానికి కారణం ఇదే.

షట్టర్ పూర్తిగా తెరుచుకున్న క్షణంలో కెమెరా, గాడి మధ్యలో ఉన్న కొనను పక్కనున్న లోహపు అంచులతో విద్యుత్పరంగా కలుపుతుంది. సర్క్యూట్ పూర్తవుతుంది, ఫ్లాష్ వెలుగుతుంది. మిగిలిన చిన్న చుక్కల్లాంటి కొనలు, ఎంత వెలుగు కావాలో కెమెరా ఫ్లాష్‌కు చెప్పడానికి పనికొస్తాయి. చాలా కెమెరాల్లో షట్టర్ మొత్తం తెరుచుకుని ఉండేది సెకనులో 200వ వంతు దాకానే. సరిగ్గా ఆ కాస్త వ్యవధిలో గాడి కదిలి కొనలు ఎడమైతే ఫొటో చీకటిగా వస్తుంది.

ఎందుకు వదులవుతుంది?

పెద్ద ఫ్లాష్ బరువు బ్యాటరీలు కాకుండానే దాదాపు 400 గ్రాములు ఉంటుంది. దాని బరువు కేంద్రం గాడికి సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. కెమెరాను నిలువుగా తిప్పినప్పుడు ఫ్లాష్ పక్కకు వాలి, గడ్డపారతో రాయిని లేపినట్టు గాడిని పైకి లేపుతుంది. గాడి కింది స్క్రూల మధ్య దూరం ఒకటిన్నర సెంటీమీటరు అనుకుంటే, ఒక వైపు స్క్రూల మీద పడే లాగుడు సుమారు 26 న్యూటన్లు. అంటే రెండున్నర కిలోలకు పైగా బరువు వేలాడదీసినట్టు. ఇది కెమెరా కదలకుండా ఉన్నప్పటి లెక్క. భుజాన వేసుకుని నడిచేటప్పుడు, జనంలో ఎవరి మోచెయ్యో తగిలినప్పుడు ఈ బలం ఇంకా పెరుగుతుంది.

బలం ఎంత అన్నదే కాదు, ఎటు పడుతుందన్నదీ ముఖ్యం. స్క్రూలు ఎందుకు వదులవుతాయో జర్మన్ ఇంజినీర్ గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగాలతో చూపించారు. నిలువుగా లాగడం కన్నా పక్కలకు పదేపదే ఊపడం వల్లే స్క్రూ త్వరగా వదులవుతుంది. పక్కకు జారిన ప్రతిసారీ మరల మధ్య ఘర్షణ పట్టు సడలి, స్క్రూ రవ్వంత వెనక్కి తిరుగుతుంది. కెమెరా మీద ఫ్లాష్ చేసేది సరిగ్గా ఈ ఊపుడే. ఒకసారి కాస్త వదులైతే ఊపు పెరుగుతుంది. ఊపు పెరిగితే ఇంకా వదులవుతుంది.

ఊగేది ఏదో ముందు తేల్చుకోవాలి

ఫ్లాష్ ఊగిన ప్రతిసారీ కెమెరా గాడి మీద అనుమానపడక్కర్లేదు. ఫ్లాష్ అడుగున ఉండే పాదం అరిగినా, దాన్ని బిగించే చక్రం లేదా మీట సరిగా పట్టకపోయినా ఇలాగే ఊగుతుంది. అందుకే ముందు ఫ్లాష్‌ను తీసేసి, ఖాళీ గాడి అంచులను వేలితో మెల్లగా కదిపి చూడాలి. గాడి కదిలితే లోపం కెమెరాలో. కదలకపోతే ఫ్లాష్ పాదాన్ని చూడాలి.

రెండూ గట్టిగానే ఉండి ఫ్లాష్ మాత్రం అప్పుడప్పుడే వెలుగుతుంటే, కొనల మీద చెమట, దుమ్ము, మసి పొర పేరుకుని ఉండవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన దూది పుల్లతో తుడిచి ఆరనిస్తే చాలు.

బిగించే పద్ధతి

గాడి వదులైందని తేలితే కెమెరా ఆపి, బ్యాటరీ తీసేయాలి. చాలా డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో గాడి లోపల పలుచటి స్ప్రింగ్ రేకు ఉంటుంది. స్క్రూల తలలను కప్పి ఉంచేది ఇదే. సన్నని పనిముట్టుతో దాని కొనను కొద్దిగా లేపి, ఫ్లాష్ బయటకు వచ్చే దిశలో జరిపితే ఊడి వస్తుంది. కింద సాధారణంగా నాలుగు చిన్న స్క్రూలు కనిపిస్తాయి. కొన్ని కెమెరాల్లో గాడి అంచున, ఫ్లాష్ ఉందో లేదో తెలుసుకునే చిన్న స్విచ్ కూడా ఉంటుంది. రేకు తీసేటప్పుడు, పెట్టేటప్పుడు అది వంగకుండా చూసుకోవాలి.

స్క్రూడ్రైవర్ విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. జపాన్ కెమెరాల్లోని స్క్రూలు మామూలు స్టార్ స్క్రూల్లాగే కనిపించినా, వాటి గంటు ఆకారం జపాన్ ప్రమాణమైన జేఐఎస్ ప్రకారం ఉంటుంది. మామూలు ఫిలిప్స్ మొన అందులో పూర్తిగా కూర్చోదు. బలం పెట్టగానే జారి తలను చెక్కేస్తుంది. తల చెడిన స్క్రూను బయటకు తీయడం మెకానిక్‌కు కూడా కష్టమే. అందుకని సరైన సైజు జేఐఎస్ స్క్రూడ్రైవర్ వాడాలి.

ఒక స్క్రూను పూర్తిగా బిగించాక రెండోదానికి వెళ్లకూడదు. ఎదురెదురు మూలల వరసలో నాలుగింటినీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. అప్పుడే గాడి సమంగా కూర్చుంటుంది. రెండు వేళ్లతో తిప్పినంత బలం చాలు. అంతకు మించితే మరలు అరిగిపోతాయి.

గమ్ముతో జాగ్రత్త

మళ్లీ వదులవకుండా సూపర్ గ్లూ చుక్క వేద్దామని చాలామందికి అనిపిస్తుంది. అది ఆరేటప్పుడు లేచే ఆవిరి చుట్టుపక్కల ఉపరితలాలపై తెల్లటి పొరలా పేరుకుంటుంది. వ్యూఫైండర్ అద్దం అక్కడికి దగ్గరే. పైగా గమ్ము కొనల మీదకు పాకితే విద్యుత్తే పారదు.

స్క్రూల కోసమే తయారైన థ్రెడ్‌లాకర్ ద్రవం పనిచేసే తీరు వేరు. గాలి తగలని చోట, లోహం తగిలినప్పుడు మాత్రమే అది గట్టిపడుతుంది. లోహపు మరలో లోహపు స్క్రూ ఉంటే, తక్కువ పట్టున్న రకాన్ని సూది మొనంత వాడి ఒక రోజు ఆగితే సరిపోతుంది. ప్లాస్టిక్‌లో మర ఉంటే మాత్రం అసలు వాడకూడదు. ఆ ద్రవం కొన్ని రకాల ప్లాస్టిక్‌లో సన్నని బీటలు తెస్తుంది.

తర్వాత ఫ్లాష్ తగిలించి, కెమెరాను అడ్డంగా, నిలువుగా పట్టుకుని పాతిక ముప్పై ఫొటోలు తీసి చూడాలి. అన్నింటిలో ఫ్లాష్ వెలిగితే పని పూర్తయినట్టే.

ఎక్కడ ఆగాలి?

స్క్రూ బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే లోపలి మర పోయిందని అర్థం. కొన్ని కెమెరాల్లో పైకప్పు విప్పితే తప్ప స్క్రూలు అందవు. ఈ రెండు సందర్భాల్లోనూ ఇంట్లో చేసే పని అక్కడితో ఆపేయాలి. సొంత ఫ్లాష్ ఉన్న కెమెరాల లోపల కెపాసిటర్ ఉంటుంది. అది దాదాపు 300 వోల్టుల దాకా చార్జ్ అవుతుంది. బ్యాటరీ తీసేసినా ఆ చార్జ్ కొంతసేపు అలాగే నిలిచి ఉంటుంది. 150 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో ఆ వోల్టేజీ వద్ద దాదాపు 7 జౌళ్ల శక్తి ఉంటుంది. వేలు తగిలితే గట్టి షాక్ తప్పదు. దాన్ని సురక్షితంగా ఖాళీ చేయడం తెలిసిన మెకానిక్ చేతికే ఆ కెమెరా ఇవ్వాలి.

బాగుచేసుకునే వీలు

నాలుగు స్క్రూల కోసం కెమెరా మార్చాల్సిన అవసరం లేదని తెలియడం జేబుకూ, పర్యావరణానికీ మేలు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో 'రైట్ టు రిపేర్' పోర్టల్‌ను ప్రారంభించింది. వస్తువులను బాగుచేసుకోవడానికి అవసరమైన సమాచారం కొన్నవారికి అందుబాటులో ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ సమాచారాన్ని ఉపయోగించుకోవాలంటే వస్తువు ఎలా పనిచేస్తుందో కూడా కొంత తెలిసి ఉండాలి.

కెమెరా గాడి విషయంలో ఆ తెలుసుకోవాల్సింది ఎక్కువేమీ లేదు. పెళ్లికి బయలుదేరే ముందు బ్యాటరీలు, మెమరీ కార్డు సరిచూసుకునేటప్పుడే ఖాళీ గాడిని వేలితో ఒకసారి కదిపి చూస్తే చాలు. అది కదిలితే బిగించుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది. జీలకర్ర, బెల్లం వేళకు ఆ సమయం ఉండదు.