మైకు ముందు పల్నాడు

తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథంతా చదివి వినిపించే కొలువు ఒకటి ఉండేది. టాకీలు రాని రోజులవి. వినుకొండ బిడ్డ గుర్రం జాషువా 1915-16లో రాజమండ్రిలో ఆ పని చేశారు. నలభై ఏళ్లు దాటాక, 1957 నుంచి 1959 దాకా, మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ ప్రయోక్తగా ఉన్నారు. మొదటి కొలువులో బొమ్మకు మాట తోడవ్వాలి. రెండోదాంట్లో బొమ్మే ఉండదు, అంతా మాటతోనే చూపించాలి. ఇవాళ జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదివే పిల్లలకు రేడియో ప్రాజెక్టు అనగానే ఎదురయ్యేది ఈ రెండో పరీక్షే.

ఫోన్ చేతిలో పెరిగిన తరానికి వీడియో తీయడం కష్టమేం కాదు. మిరప చేలో రైతు ముడుచుకున్న ఆకును పట్టుకుని చూపిస్తాడు, కెమెరా దాన్ని దగ్గరగా పట్టేస్తుంది, పని అయిపోతుంది. రేడియోలో అలా కుదరదు. "ఇదిగో, ఇట్టా అయింది చూడమ్మా" అని ఆయనంటే వినేవాడికి ఏమీ అందదు. అప్పుడు విద్యార్థిని మళ్లీ అడగాలి: "బాబాయ్, ఆకు ఎటు ముడుచుకుంది, పైకా, కిందికా?" ఆ ఒక్క ప్రశ్నలోనే అసలు సంగతంతా ఉంది. పైముడతకు తామర పురుగు కారణం, కింది ముడతకు నల్లి కారణం. దేని మందు దానికే. ఆ ప్రశ్న అడగని కార్యక్రమం విని పక్క ఊరి రైతు తప్పు మందు కొడితే డబ్బూ పోతుంది, పంటా పోతుంది. అడిగే నేర్పు ఎంత విలువైందో పిల్లలకు తెలియజెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు కనబడలేదు.

కోటప్పకొండ తిరునాళ్లనే తీసుకోండి. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కట్టుకొచ్చే ప్రభలు కంటికి పండగ. ఆకాశాన్నంటే వెదురు కట్టడం, దాని నిండా విద్యుద్దీపాలు. ఇది రేడియోలో ఎలా వినిపిస్తుంది? కొండ కింద నిలబడి మైకు పైకెత్తితే జనం హోరు తప్ప మరేం దొరకదు. తెలివైన బృందం అయితే కొన్ని వారాల ముందే ఊళ్లోకి వెళ్తుంది. వెదురు చీలుస్తున్న చప్పుడు, మోకు బిగించేటప్పుడు నలుగురూ కలిసి పెట్టే కేక, ఎత్తు గురించి పెద్దాయనకూ కుర్రాళ్లకూ నడిచే వాదన, మొదటిసారి దీపాలు వెలిగించి చూసుకునే రాత్రి జనరేటర్ రొద, ఇవన్నీ పోగుచేస్తుంది. ఆ తర్వాత తిరునాళ్ల రోజు "చేదుకో కోటయ్యా" అన్న పిలుపు వేల గొంతుల్లోంచి లేస్తే, వింటున్నవాడు ఆ ప్రభను తనే కట్టుకుంటాడు. కరెంటు తీగల కింద ప్రభ ఎలా దాటిందో దాన్ని నడిపించిన మనిషే చెప్పాలి. ఆ చోట యాంకర్ నోరు మెదపకూడదు.

దుర్గిలో రాతిశిల్పుల ఉలి దెబ్బను కూడా ఇలాగే వినాలి. బండను పగలగొట్టేటప్పటి దెబ్బ వేరు, కన్ను చెక్కేటప్పటి దెబ్బ వేరు. ఆ తేడా పట్టుకున్న విద్యార్థికి ఎడిటింగ్ గదిలో సగం పని తగ్గిపోతుంది.

ఇక కారంపూడి. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు పేరిట పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఆ వీరుల కథను పాడే వీరవిద్యావంతులు తరతరాలుగా దాన్ని నోటితోనే నిలబెట్టారు. జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇక్కడికొచ్చి ఆ గానాన్ని రికార్డు చేసి, అనువదించి, విశ్లేషించారు. 1982లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని పుస్తకంగా వేసింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషి విన్నదాన్ని నరసరావుపేటలోనో గురజాలలోనో చదివే పిల్లలు వినకపోతే ఎలా? ఉత్సవం ఐదు రోజులే. పాడేవాళ్లు ఏడాదంతా మన మధ్యే ఉంటారు. వాళ్ల ఇంటికెళ్లి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, పిల్లలకు నేర్పుతున్నారో లేదో అడిగితే అదొక పూర్తి కార్యక్రమం.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. స్టూడియోకి రాగానే మన పిల్లలు యాస మార్చేస్తారు. పొద్దున అమ్మతో మాట్లాడిన తెలుగు మైకు ముందు మాయమై, టీవీ యాంకర్ల తెలుగు వచ్చేస్తుంది. అధ్యాపకులు దాన్ని మెచ్చుకుని మార్కులు వేయకూడదు. ఉచ్చారణ స్పష్టంగా ఉండాలి, నిజమే. స్పష్టత కోసం పల్నాటి మాటతీరును వదులుకోనక్కర్లేదు.

చేసిన కార్యక్రమం పెన్‌డ్రైవ్‌లో చేరి, మార్కులు పడి, అక్కడే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ బాధ లేదు. అక్కడ 'బోల్ హైదరాబాద్' 90.4 ఎఫ్ఎం ఉంది, విద్యార్థుల గొంతులు అందులో ప్రసారమవుతాయి. యునెస్కో కమ్యూనిటీ మీడియా పీఠం ఉన్నది కూడా ఆ ప్రాంగణంలోనే. అవతల ఎవరో వింటున్నారని తెలిస్తే విద్యార్థి వాక్యం రాసే తీరే మారిపోతుంది.

మన కళాశాలలు అలాంటి స్టేషన్ పెట్టుకోవడానికి చట్టం దారి మూసేయలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. 2002 డిసెంబరులో కేంద్రం విద్యాసంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతించింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా యూనివర్సిటీ దేశంలోనే మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో మొదలుపెట్టింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ, కృషి విజ్ఞాన కేంద్రాలకూ తలుపు తెరిచారు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారవ్వాలి. సొంత వార్తలు, రాజకీయాలు మాత్రం కూడదు. ఈ నిషేధం సడలాలనే నా కోరిక. అయినా మిరప ముడత, ప్రభ, ఉలి, వీరగాథ, ఇవేవీ దాని కిందికి రావు.

ఈ స్టేషన్ల శక్తి మామూలుగా వంద వాట్లు, అందే దూరం పది పదిహేను కిలోమీటర్లు. నరసరావుపేట కళాశాల ఒకటి స్టేషన్ పెడితే కోటప్పకొండ దాకా వినిపించొచ్చు. మాచర్లకు అందదు. మాచర్లకు మాచర్లే పెట్టుకోవాలి, గురజాలకు గురజాలే.

లైసెన్సు వచ్చేదాకా ఏం చేయాలంటే, జహీరాబాద్ దగ్గర మాచనూరు దళిత మహిళలు చేసిందే చేయాలి. వాళ్ల 'సంఘం రేడియో' 2008 అక్టోబరు 15న గాల్లోకి వెళ్లింది. అంతకు ముందు ఏళ్ల తరబడి వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, టేపులను ఊళ్లలోని మహిళా సంఘాల సమావేశాలకు తీసుకెళ్లి వినిపించారు. అనుమతి లేదని ఆగలేదు. మన పిల్లలకు టేపు కూడా అక్కర్లేదు. ఈ సెమిస్టర్‌లో చేసిన పదిహేను నిమిషాల కార్యక్రమాన్ని, అందులో మాట్లాడిన రైతు ఊళ్లోనే, సాయంత్రం రచ్చబండ దగ్గర స్పీకరు పెట్టి వినిపించొచ్చు. ఆకు ఎటు ముడుచుకుందో సరిగా అడిగారో లేదో అక్కడివాళ్లు వెంటనే చెబుతారు. అధ్యాపకులు ఆ మాట కూడా రాసుకుని, తర్వాతే మార్కులు వేయాలి.