కూలి బండి బోల్తా పడితే పరిహారం ఎవరిస్తారు?

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పత్తి ఏరే రోజుల్లోనూ, ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో నాట్ల కాలంలోనూ కైకిలి కూలీలు చేన్లకు పోయేది చాలావరకు ట్రాక్టర్ ట్రాలీల్లో, ట్రాలీ ఆటోల్లో. గ్రానైట్ క్వారీలకు, ఇటుక బట్టీలకు పోయేవారు లారీల్లో, డీసీఎంలలో ఎక్కుతారు. సింగరేణి గనుల చుట్టూ కార్మికుల బస్సులు తిరుగుతాయి. వీటిలో కొన్ని మనుషుల కోసం అనుమతి పొందిన బండ్లు, మిగతావి సరుకు బండ్లు. ప్రమాదంలో గాయపడితే పరిహారం అడిగే హక్కు అందరికీ ఉంటుంది. ఆ డబ్బు బీమా కంపెనీ కడుతుందా, బండి యజమాని కట్టాలా అన్నది మాత్రం ఎక్కిన బండిని బట్టి మారుతుంది.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2018 చెప్పింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడి 9 మంది మహిళలు చనిపోయారు. జూన్‌లో యాదాద్రి జిల్లా లక్ష్మాపురం దగ్గర మరో ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది ప్రాణాలు పోయాయి. ఇలాంటి ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ కార్డులో సీట్ల సంఖ్య ఎదురుగా సాధారణంగా 1 అని ఉంటుంది. అది డ్రైవర్ సీటు. ట్రాలీలో కూర్చున్నవారికి ఆ కార్డులో చోటే లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షన్ కింద గాయపడ్డవారు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయవచ్చు. ప్రమాదం జరిగిన చోట గానీ, తాము ఉండే చోట గానీ వేసుకోవచ్చు. బండిలో కూర్చున్నవారికి డ్రైవింగ్‌తో సంబంధం ఉండదు. అందుకే రెండు బండ్లు గుద్దుకున్నప్పుడు ఎవరి తప్పు ఎంతన్నది తేలేదాకా వాళ్లు ఆగనక్కర్లేదు. ఏ ఒక్క బండి పక్షం నుంచైనా మొత్తం పరిహారం అడగవచ్చని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. తప్పు నిరూపించకుండా పొందే దారీ ఒకటుంది. 164వ సెక్షన్ ప్రకారం మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు వస్తాయి. అయితే ఆ సొమ్ము తీసుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్ రద్దవుతుంది.

చిక్కంతా సరుకు బండ్లతోనే. 1994 సవరణతో సరుకు యజమానికి, అతని ప్రతినిధికి బీమా రక్షణ వచ్చింది. సరుకు బండిలో ఊరికే ఎక్కినవారికి బీమా కంపెనీ బాధ్యత ఉండదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు యజమాని అయినా క్యాబిన్‌లోనే కూర్చోవాలని, సరుకు మీద కాదని 2007లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసుల్లో చెప్పింది. అలాంటప్పుడు భారమంతా యజమాని మీద పడుతుంది. చిన్న రైతు దగ్గర లక్షలు ఎక్కడివి? అందుకే కొన్ని కేసుల్లో కోర్టులు ముందు బీమా కంపెనీనే కట్టమని, ఆ తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని ఆదేశిస్తున్నాయి. 2004లో, 2017లో సుప్రీంకోర్టు ఇదే చేసింది. గాయపడ్డవారి వకీలు ఈ కోరికను పిటిషన్‌లోనే రాయాలి.

బండి యజమాని దగ్గరే పనిచేసే హమాలీ, క్లీనర్ లాంటి వారికి మరో దారి ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన ఈ కోడ్ ప్రకారం పనికి పోతూ వస్తూ దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనితో సంబంధం రుజువైతే పనిలో జరిగినట్టే లెక్కిస్తారు. మోటారు చట్టం, కార్మిక చట్టం రెండింటి కిందా పరిహారం పొందే వీలున్నప్పుడు ఏదో ఒకటే ఎంచుకోవాలి.

పరిహారం లెక్క ఇలా సాగుతుంది. 35 ఏళ్ల కూలీ నెల ఆదాయాన్ని ట్రిబ్యునల్ 9,000 రూపాయలుగా తీసుకుందనుకుందాం. ఏడాదికి 1,08,000. 40 ఏళ్ల లోపు వారికి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 1,51,200. ఆమె సంపాదించే శక్తి 30 శాతం తగ్గిందని తేలితే ఏడాది నష్టం 45,360. ఆ వయసుకు వర్తించే గుణకం 16తో హెచ్చిస్తే 7,25,760 రూపాయలు. దవాఖాన ఖర్చులు, మంచాన పడ్డ నెలల కూలి, నొప్పికి పరిహారం, వడ్డీ దీనికి అదనం. డాక్టర్ రాసే వైకల్య శాతమే చివరి మాట కాదు. చేతివేళ్లు వంగకపోతే పత్తి ఏరే మనిషికి పోయేది బతుకుతెరువే కనుక, పని మీద పడే దెబ్బనే కొలవాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

ఇదంతా కాగితాల మీద నిలబడుతుంది. ‘కేసెందుకు, ఖర్చులు ఇస్తాం’ అన్న మాట నమ్మి ఎఫ్‌ఐఆర్ వద్దనుకుంటే తర్వాత కష్టపడాల్సి వస్తుంది. గాయపడ్డ ప్రతి ఒక్కరి పేరూ కేసు రికార్డులో ఉండాలి. కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, ఆదిలాబాద్ రిమ్స్‌లోనైనా చేరేటప్పుడే రోడ్డు ప్రమాదమని చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించాలి. గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, ఆ తర్వాత వైకల్య సర్టిఫికెట్ దాచిపెట్టుకోవాలి. బండి నంబరు, రిజిస్ట్రేషన్ కార్డు, పాలసీ వివరాలు పోలీసుల దగ్గర దొరుకుతాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు తొలి నివేదిక పంపాలి, 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. పిటిషన్‌కు చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలలు.

వకీలు ఫీజుకు భయపడి ఎవరూ ఆగిపోకూడదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. లోక్ అదాలత్‌లో కేసు త్వరగా తెగుతుంది. కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. అందుకే సంతకం పెట్టే ముందు పైన చెప్పిన లెక్క తమకు ఎంత వస్తుందో వేసి చూసుకోవాలి.