ఆరు ప్రశ్నార్థకాలు

హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున ఉప్పల్, నాచారం ఇరుగుపొరుగు ప్రాంతాలు. ఒకప్పుడు పల్లెలు, నేడు రెండింటా పారిశ్రామిక వాడలున్నవి. ఈ రెండు పేర్లనూ పలకమీద వ్రాయమంటే గుణింతం నేర్చిన బాలుడెవడైనా తడుముకోకుండా వ్రాస్తాడు. ఒక్కొక్కదానిలో మూడేసి అక్షరాలు. కాని వీటినే కంప్యూటరులో ఒక సంకేత విధానం నుండి మరొకదానికి మార్చేటప్పుడు, ప్రోగ్రాము వ్రాసినవాడు ఏమరుపాటున ఉంటే, ఉప్పల్ ఉండవలసిన చోట ఆరు ప్రశ్నార్థకాలు నిలుస్తవి. నాచారం ఉండవలసిన చోటా సరిగా ఆరే. ఏది ఉప్పలో, ఏది నాచారమో పోల్చుకొనే మార్గం ఇక ఉండదు. ఊరి పేరుకు పట్టిన ఈ గతి విద్యార్థి పేరుకైనా, కవి కావ్యానికైనా పట్టవచ్చును.

యంత్రానికి అక్షరం తెలియదు; అంకె మాత్రమే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది మనుష్యులు చేసుకొన్న ఒప్పందం. సి భాషను 1970ల ఆరంభంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించినప్పుడు, 128 సంకేతాలున్న ఆస్కీ పట్టిక ఇంగ్లీషు అవసరాలకు చాలేది. ఒక అక్షరానికి ఒక బైటు సరిపోయేది. బైట్లను వరుసగా పేర్చి, చివర సున్న ఉంచితే అదే ఆ భాషలో స్ట్రింగు.

1991లో భారతీయ ప్రమాణమైన ఇస్కీ వెలువడినది. అదే సంవత్సరం వచ్చిన యూనికోడు, తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించినది. ఈ రెండు విధానాలూ తెలుగు పదాన్ని విడదీసే తీరు వ్యాకరణ పాఠం వంటిదే. ఉప్పల్ అంటే ఉ, ప, పొల్లు, ప, ల, పొల్లు. నాచారం అంటే న, దీర్ఘం, చ, దీర్ఘం, ర, సున్న. రెండూ ఆరేసి సంకేతాలు. పైన కనిపించిన ప్రశ్నార్థకాలు ఆరు కావడానికి కారణమిదే.

1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు అవుతుంది. అప్పుడు ఉప్పల్ నిడివి ఎంత అని సి భాషను అడిగితే, ఆరు అని గాని, మూడు అని గాని చెప్పదు, పద్ధెనిమిది అంటుంది. చివరి సున్నతో కలిపి పందొమ్మిది బైట్ల చోటు కావాలి. ప్రోగ్రాము వ్రాసినవాడు పదహారే కేటాయించి, అంతకు మించినదాన్ని కత్తిరిస్తే, ఉప్పల్ పొల్లు పోయి 'ఉప్పల' అవుతుంది. నాచారం సున్న పోయి 'నాచార' అవుతుంది. యంత్రం దీన్ని తప్పుగా ఎంచదు. తెలుగు చదవగలిగినవాడే పట్టుకోవాలి.

మార్పిడికి సి భాషలో ఐకాన్వ్ అనే సాధనం వాడుకలో ఉన్నది. మూలం ఏ సంకేతంలో ఉన్నదో, ఫలితం ఏ సంకేతంలో కావాలో మొదట దానికి చెప్పాలి. చెల్లని బైట్ల వరుస ఎదురైనా, వరుస మధ్యలో తెగిపోయినా, ఫలితానికి చోటు చాలకపోయినా అది ఆగి, కారణం తెలుపుతుంది. ఆ హెచ్చరికను వినడమూ, పెడచెవిని పెట్టడమూ ప్రోగ్రాము వ్రాసేవాని విజ్ఞత.

ఇక్కడ రెండు రకాల చెరుపును వేరు చేసి తెలుసుకోవాలి. తెలుగు ఉండవలసిన చోట తలపై గీత గల రోమను అక్షరమూ, ఉష్ణోగ్రత అంకె పక్కన వేసే చిన్న సున్నా పదేపదే కనిపిస్తే భయపడనక్కరలేదు. యు.టి.ఎఫ్-8లో తెలుగు సంకేతాలన్నీ 224 అనే బైటుతో మొదలవుతవి. తరువాతిది 176 గాని 177 గాని అవుతుంది. ఆ అంకెలను పశ్చిమ యూరపు పట్టికతో చదవడం వల్ల కలిగిన వికారమది. బైట్లు చెడలేదు, సరైన పట్టికతో చదివితే తెలుగు తిరిగి వస్తుంది. ప్రశ్నార్థకాల సంగతి అట్లా కాదు. ఫలిత పట్టికలో తెలుగుకు చోటు లేనప్పుడు కొన్ని సాధనాలు అక్షరాన్ని పారవేసి ప్రశ్నార్థకం ఉంచుతవి. మూలప్రతి దాచి ఉంచకపోతే, పోయినది పోయినట్లే.

మరింత చిక్కయినది పాత ఖతుల వ్యవహారం. యూనికోడు వ్యాపించక పూర్వం అను, శ్రీలిపి వంటి ఖతులలో తెలుగు పుస్తకాలెన్నో అచ్చుకు సిద్ధమయినవి. వాటిలో సంకేతం ధ్వనిని బట్టి కాక ఆకారాన్ని బట్టి ఉంటుంది. ఒత్తుకు దాని అంకె దానికే. నడుమ పొల్లు ఉండదు. కొన్ని ఖతులలో ఎడమవైపు వ్రాసే క్రావడి హల్లుకు ముందే వస్తుంది. దాన్ని హల్లు తరువాతికి జరిపి, పొల్లు చేర్చి, రకారాన్ని నిలపాలి. అంకెకు అంకె మార్చే పట్టిక ఇందుకు చాలదు. అక్షర నిర్మాణం తెలిసినవాడు ప్రత్యేకంగా నియమాలు వ్రాయాలి. ఈ పని జరగనంతవరకు ఆ పుస్తకాలలో ఒక మాటను వెదకడం సాధ్యం కాదు.

కనుక సి భాష నేర్చే విద్యార్థి తెలుగు గుణింతాన్ని మరచిపోరాదు. మార్పిడి ప్రోగ్రామును పరీక్షించడానికి ఉప్పల్, నాచారం, ప్రార్థన అనే మూడు మాటలు ఇచ్చి చూడవచ్చును. పొల్లు, సున్న, క్రావడి, ద్విత్వం అన్నీ వాటిలో ఉన్నవి. మార్చినదాన్ని తిరిగి వెనుకకు మార్చి, మూలంతో పోల్చాలి. ఆపైన ఒక తెలుగు ఉపాధ్యాయుని చేత చదివించాలి. మూలప్రతిని మాత్రం అంతవరకు చెరిపివేయరాదు.