రేగడికి నీరొచ్చిందని వరేనా?

నందికొట్కూరు: ఈ ప్రాంతపు పొలాల్లో నల్లరేగడి ఒక పక్క, ఎర్రనేల ఒక పక్క. రేగడిది వింత గుణం. ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. తడిస్తే ఉబ్బి మూసుకుంటుంది, తాగిన నీటిని ఓ పట్టాన వదలదు. వానలు వెనుదిరిగాక కూడా శనగ, జొన్న ఆ పదును మీదే పండుతాయి. ఎర్రనేలకు అంత ఓపిక లేదు. దానికి వేరుశనగ, కంది, కొర్ర తగినవి.

1863లో తవ్వకం మొదలైన కర్నూలు-కడప కాలువ ఈ లెక్క మార్చింది. సుంకేసుల నుంచి తుంగభద్ర నీరు వచ్చాక రేగడిలోనూ వరి దిగింది. మురుగు పోయే దారి లేని పల్లపు చేలల్లో నీరు నిలిస్తే అడుగునున్న ఉప్పు పైకి వస్తుంది. అదే చౌడు.

తెల్లగా పొడి తేలితే పాలచౌడు. మంచినీరు నిలగట్టి మురుగుకాలువలోకి వదిలితే తగ్గుతుంది. నల్లగా, నీరింకని కారుచౌడుకు జిప్సం కావాలి. పాలచౌడుకు జిప్సం చల్లడం డబ్బు దండగే. అయితే రంగు చూసి తేల్చుకోరాదు. ఎకరాకు ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున మట్టి తీసి, కలిపి, అరకిలో భూసార పరీక్షకు పంపాలి. చౌడు అనుమానముంటే మూడడుగుల వరకు తవ్వి, అడుగడుగు మట్టినీ వేరువేరు సంచుల్లో కట్టాలి. గట్ల పక్కన, దిబ్బ ఎరువు కుప్పవేసిన చోట మట్టి తీయరాదు.