మాటలు లేని యిండ్లు

ఒకే కుటుంబమువారు కలహించి ఎడమొగము పెడమొగముగా నుండునప్పుడు మనవారు "వారికి మాటలు లేవు" అందురు. చిన్ననాటినుండి వినుచున్న ఈ పలుకుబడిలో ఎంతటి పరిశీలన యున్నదో నాకు చాల కాలమునకుగాని తెలియలేదు. వారు పోరాడుచున్నారని గాని, ద్వేషించుకొనుచున్నారని గాని దాని యర్థము కాదు. పోరు ముగిసినది, తిరిగి పలుకరించుట మాత్రము జరుగలేదని యర్థము. మా తండ్రిగారును చిన్నాన్నగారును పెరటిగోడ విషయమై వాదులాడినది అరగంట. మాటలు లేకయున్నది మూడేండ్లు. ఆ అరగంటలో పలికిన పలుకులలో నొక్కటియు నాకు జ్ఞాపకము లేదు. ఒకే వాకిట నడచుచు, ఒకరినొకరు చూడనట్లు తొలగిపోవుచుండిన ఆ మూడేండ్లు మాత్రము కన్నులకు కట్టినట్లున్నవి.

కుటుంబసంబంధములను బాగుపఱచుకొనుట యనగా కలహములు రాకుండ జూచుకొనుట యని పెక్కుమంది తలంతురు. గడచిన అర్ధశతాబ్దిలో ఈ విషయమును శోధించినవారు చూపిన దారి వేఱు. వారి దృష్టి కలహముపై గాక, కలహానంతరమున జరుగు దానిపై నిలిచినది.

నెదర్లాండ్సులోని ఆర్నెం పట్టణపు జంతుప్రదర్శనశాలలో, విశాలమైన ఆవరణమున గుంపుగా మెలగు చింపాంజీలను 1975 నుండి గమనించుచుండిన ఫ్రాన్స్ డి వాల్ అను యువశాస్త్రజ్ఞుడు, ఒకనాడు పెద్ద కొట్లాట జరిగిన కొంతసేపటికి రెండు చింపాంజీలు కౌగిలించుకొని ముద్దుపెట్టుకొనుటను చూచి, ఆ కౌగిలించుకొనినవి అంతకుముందు కొట్లాడినవే యని పిమ్మట గ్రహించి విస్మయము పొందెను. పోరాడిన జంతువులు ఒకదానికొకటి దూరముగా పోవునని అంతవరకు శాస్త్రజ్ఞుల యభిప్రాయము. నిజమునకు అవి ఒకదాని నొకటి వెదకికొనుచు వచ్చుచున్నవని అతడు 1979లో తన సహచరితో గూడి ప్రకటించెను. ఒకరి తోడు ఒకరికి లేనిదే బ్రతుకు సాగని ప్రాణులకు వైరముకంటె సఖ్యమే విలువైన సొత్తు గదా!

అతడే 1993లో ప్రకటించిన మఱొక ప్రయోగము నాకు మిక్కిలి ప్రియమైనది. ఉత్తరభారతమున గుడుల దగ్గర విరివిగా కనిపించు రీసస్ కోతులు కోపిష్ఠివి, సులభముగా రాజీపడవు. మొండితోక కోతులు మాత్రము కలహించిన వెంటనే కలిసిపోవును. పసి రీసస్ కోతులను 5 నెలలపాటు మొండితోక కోతులతో కలిపి పెంచగా, అవి రాజీపడుట సుమారు మూడు రెట్లయినది. మొండితోక కోతులను తొలగించిన పిమ్మటను ఆ గుణము నిలిచియుండెను. కలియుట నేర్చుకొను విద్య యనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలయును?

మానవశిశువు ఈ విద్యను తల్లి మొగమునుండి నేర్చును. ఎడ్వర్డ్ ట్రానిక్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1978లో ప్రకటించిన ప్రయోగమున, బిడ్డతో నవ్వుచు ఆడుకొనుచున్న తల్లి హఠాత్తుగా ఏ భావమును లేని మొగముతో, పలుకక, కొద్ది నిమిషములు కూర్చుండును. బిడ్డ నవ్వును, చేతులు చాచును, కేక వేయును, ఏదియు ఫలింపకున్న మొగము త్రిప్పుకొని ముడుచుకొనిపోవును. అంతకంటె ఆశ్చర్యకరమైన విషయము వేఱొకటి కలదు. ప్రయోగములతో పనిలేని మామూలు వేళలందు సైతము, ప్రేమగల తల్లియు బిడ్డయు శ్రుతి కలిసియుండు కాలము ఇంచుమించు మూడింట ఒక వంతేనట. తక్కిన కాలమంతయు ఆకలి యనుకొని పాలీయబోవ నది నిద్ర కగుట, ఆడించబోవ బిడ్డ విసుగుకొనుట, మరల సరిదిద్దుకొనుట. ఆ దిద్దుబాటులవలననే, చెడినది బాగుపడునను నమ్మిక పసిమనసున వేళ్లూనును. మన యిండ్లలో పెద్దవారు పిల్లలతో "నాదే తప్పురా" అనుట గౌరవభంగమని తలంతురు. ఆ తలంపును నేను అంగీకరింపజాలను. చాచిన చేయిని అందుకొనకుండుటయే ఆ బిడ్డకు తగిలిన దెబ్బ.

అయితే కోపము రగులుచుండగా కలియుట శరీరమునకే సాధ్యము కాదు. సియాటిల్ నగరమున దంపతుల సంభాషణములను, వారి గుండె వేగముతో సహా, ఏండ్లతరబడి నమోదు చేసిన జాన్ గాట్‌మన్, వాదమున నాడి నిమిషమునకు 100 దాటినవారు ఎదుటివారి మాటను సరిగా వినజాలరని చెప్పెను. అడ్రినలిన్ రక్తమున పొంగి, దేహము శత్రువు ఎదుట నిలిచినట్లే సన్నద్ధమగును. యంత్రములు సరిచేయవలెనన్న మిషతో దంపతుల వాదమును నడుమ నాపి, 20 నిమిషములు పత్రికలు చదువుకొనుడని చెప్పి తిరిగి మొదలుపెట్టింపగా, నాడి తగ్గియుండెను, మాట మెత్తనయ్యెను. ఆ విరామమున మనసులో పగను నెమరువేయువారికి ఫలము లేదు. తలుపు ధడాలున వేసికొని పోవుటయు, "కొంచెముసేపాగి మాటలాడుదము" అని చెప్పి లేచుటయు పైకి ఒక్కతీరుగా కనిపించినను, రెండవదానిలో తిరిగి వత్తునను మాట యున్నది.

ఇంటిలోని పిల్లలు ఇదంతయు చూచుచునే యుందురు. మార్క్ కమింగ్స్ అను పరిశోధకుడు పెద్దల వాదములు చూచిన పిల్లలను పరీక్షించి, ఆ వాదము సఖ్యముగా ముగిసినప్పుడు వారి కలత చాలవఱకు తీరునని కనుగొనెను. పిల్లల యెదుట పోట్లాడి, గదిలో రాజీపడు తలిదండ్రులు కథ సగమే వినిపించినవారగుదురు.

ఆర్నెం గుంపులో, అలిగి దూరముగా కూర్చున్న మగ చింపాంజీల నడుమ ఒక్కొక్కప్పుడు ఒక ఆడ చింపాంజీ పూనుకొనును. ఒకని దగ్గర కూర్చుండి, వెండ్రుకలు సవరించి, మెల్లగా లేచి రెండవవాని వైపు నడచును. మొదటివాడు ఆమె వెంట పోవును. మువ్వురును కూడిన కొంతసేపటికి ఆమె తొలగిపోవును. ఆ వర్ణన చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తువచ్చి కన్నులు చెమర్చినవి. ఒక శ్రావణమాసపు ఉదయమున ఆమె బూరెలు వండి, ఇత్తడిగిన్నెలో పెట్టి నా చేతికిచ్చి, "మీ నాన్న పంపాడని చిన్నాన్నకు చెప్పు" అనెను. నాన్న పంపలేదని ఆమెకు తెలియును, నాకు తెలియును. చిన్నాన్నగారికి తెలియదని చెప్పజాలను. ఇచ్చిన గిన్నెను వట్టిగా తిరిగి పంపరాదను ఆచారము మావైపు కలదు. మఱునాటి సాయంకాలము ఆయన గిన్నెనిండ జామకాయలతో మా అరుగు దగ్గర నిలిచి, "అన్నయ్యా, గిన్నె" అనెను.

మా నాన్నగారు పడకకుర్చీలోనుండి లేచి, "లోపలికి రా, కాఫీ తాగి వెళ్దువుగాని" అనిరి.